ఆవులను మరిచిన దస్తావేజు

నేను రాసిన దస్తావేజులన్నిటిలో ఒక్కదానిలోనే తప్పు దొర్లిందని చెప్పుకుంటే అది అబద్ధం. దొరికిపోయింది మాత్రం ఒక్కదానిలోనే. ఆ సంగతి ఇంట్లో కూడా ఇన్నాళ్లూ సగమే చెప్పాను. ఇప్పుడు పని మానేశాను కాబట్టి, పోవడానికి పరువు కూడా పెద్దగా మిగల్లేదు కాబట్టి, మొత్తం చెబుతాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు పని మానేశాక మేముంటున్న మదనపల్లె ఇంటికి అప్పుడప్పుడూ వస్తుంటారు. సంతకాలయిపోయిన కాగితంలో తప్పు కనబడితే ఏం చేయాలని అడుగుతారు. అడిగేటప్పుడు ఆ తప్పు వేరెవరో చేసినట్టే అడుగుతారు. నేనూ ఏమీ ఎరగనట్టే వింటాను. కాఫీ తాగి వెళ్లేలోగా ఎలాగూ నిజం బయటపడుతుంది. వాళ్లకి నోటితో ముక్కలు ముక్కలుగా చెప్పిందే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

నేను పని నేర్చుకున్నది మదనపల్లెలో, ఒక పెద్ద లేఖరి దగ్గర. స్థిరపడింది పుంగనూరులో. రిజిస్ట్రారు ఆఫీసుకి ఎదురుగా ఒక గది, ఒక టేబులు, ఒక కంప్యూటరు, వేసవిలో నాకంటే ముందే వేడెక్కే ఒక ప్రింటరు. కంప్యూటరు దగ్గర టైపు చేసే అమ్మాయి కూర్చునేది. చదువుకున్న పిల్ల, నెమ్మదస్తురాలు, నా కోపాన్ని ఫ్యాను చప్పుడులాగా పట్టించుకోకుండా ఉండటం నేర్చుకున్నది. పక్క గదిలో నాకంటే వయసులో పెద్దవాడైన ఇంకో లేఖరి. ఏ చిక్కుకైనా ఆయన దగ్గర ఒక అడ్డదారి తయారుగా ఉండేది. మధ్యాహ్నం అన్నం మేమిద్దరం కలిసి తినేవాళ్లం. ఆయన సలహాలు వినడం నాకు ఇష్టం, పాటించడం భయం.

ఆ కేసు చౌడేపల్లె దగ్గర ఒక పల్లెది. తండ్రి పోయాక ఇద్దరు అన్నదమ్ములు, ఒక అక్క ఇల్లూ పొలమూ పంచుకున్నారు. అందరికంటే పెద్దది అక్క. భర్త పోయి పుట్టింటికే వచ్చేసింది. పిల్లలు లేరు. ఐదు పాడి ఆవులుండేవి, వాటి పాలు కేంద్రానికి పోస్తూ ఎవరి మీదా ఆధారపడకుండా బతుకుతోంది. పెద్ద తమ్ముడు ఊళ్లోనే సేద్యం చేస్తాడు. చిన్నవాడు కుప్పంలో రాళ్లు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో పని చేస్తాడు.

పంపకాల రోజు వాళ్ల ఊరికి నేనే వెళ్లాను. చిన్నవాడు సెలవు దొరక్క రాలేదు. మిగిలిన ఇద్దరూ, ఊరి పెద్దమనుషులూ మాట్లాడుకుంటుంటే నేను మంచం మీద కూర్చుని ఒక పొడుగాటి కాగితం మీద రాసుకుంటూ పోయాను. ఇంట్లో వీధి వైపు భాగం పెద్ద తమ్ముడికి. వెనక వైపు గదీ, ఆవుల కొట్టమూ అక్కకి. పొలంలో కింది అర్ధెకరా చిన్నవాడికి, పై భాగం పెద్ద తమ్ముడికి. కొట్టానికి మూడు వైపులా వేరేవాళ్ల ఇళ్ల గోడలే. ఆవులు వీధిలోకి రావాలంటే పెద్ద తమ్ముడి భాగంలో నుంచే రావాలి. అందుకని తూర్పు గోడ వెంబడి ఎనిమిది అడుగుల దోవ వదలాలని అనుకున్నారు. ఆవులూ, గడ్డి బండీ రావడానికి, పోవడానికి. పెద్ద తమ్ముడు ఆ స్థలాన్ని స్వయంగా అడుగులేసి చూపించాడు. నేను కాగితం మీద ఎనిమిది అని రాసి చుట్టూ సున్న కూడా చుట్టాను.

దస్తావేజు రాసే ముందురోజు పెద్ద తమ్ముడు ఒక్కడే మా గదికి వచ్చాడు. బావి తన భాగం పొలంలో పడింది కదా, చిన్నవాడికి మూడు రోజులకొకసారి నీళ్ల వంతు, పైపు వేసుకునే హక్కు కూడా రాయమన్నాడు. పంపకాల్లో ఎవరూ అడగని మాట అది. మంచి పనే కదా అని చేర్పించాను. అతను వెళ్లాక టైపు చేసే అమ్మాయి దోవ సంగతి అడిగింది. నేను ఇంకెవరితోనో ఫోనులో మాట్లాడుతున్నాను. ఫోను పక్కకి తిప్పి, మామూలు దోవ షరతు వేసెయ్యమ్మా అని, ఇక చాలన్నట్టు చెయ్యి ఊపాను.

మా కంప్యూటరులో మామూలు దోవ షరతు అంటే నేను మదనపల్లె నుంచి తెచ్చుకున్నది. టౌను ఇళ్ల మధ్య సందుల కోసం ఎప్పుడో రాసింది. మూడు అడుగుల వెడల్పు, మనుషుల రాకపోకలకు మాత్రమే. మదనపల్లె సందుల్లో ఆవులతో ఎవరికీ పని లేదు, అందుకని ఆ షరతులో వాటికి చోటు లేదు.

మరునాడు శుక్రవారం. పదిన్నరకి రాహుకాలం వస్తుందని, ఆలోపే సంతకాలు అయిపోవాలని పెద్ద తమ్ముడి పట్టు. చిన్నవాడి బస్సు ఆలస్యమై పదింపావుకి దిగాడు. ప్రింటరు ఆ రోజే మొరాయించింది. ఆఖరి పేజీ బయటికి వచ్చేసరికి పది ఇరవై. దస్తావేజుల చివర ఒక వాక్యం ఉంటుంది, చదివి వినిపించగా విని సమ్మతించి చేసిన సంతకాలు అని. చదవలేదు, వినలేదు. వేళ్లతో చోటు చూపిస్తూ పోయాను, వాళ్లు పెడుతూ పోయారు. అక్క వేలిముద్రతో పాటు తన పేరు కూడా పొడి అక్షరాల్లో రాసింది. పది ఇరవైఎనిమిదికి పని ముగించి, ఏదో ఘనకార్యం చేసినట్టు గడియారం వైపు చూశాను.

ఇందులో నాకు ఇప్పటికీ సిగ్గనిపించే సంగతి వేరే ఉంది. రాహుకాలం పోయేదాకా ఆఫీసులో దాఖలు చేయకూడదన్నారు, అంటే గంటన్నర ఖాళీ. ఆ గంటన్నరలో ఆ దస్తావేజు రెండుసార్లు చదవొచ్చు. మేమందరం వెళ్లి దోసెలు తిన్నాం.

ఏడాదిన్నర గడిచింది. ఒక సోమవారం పొద్దున గది తాళం తీస్తుంటే అక్క మెట్ల మీద కూర్చుని ఉంది. చేతిలో దస్తావేజు జెరాక్సు. లోపలికి వచ్చి కూర్చోమన్నాను, కూర్చోలేదు. పెద్ద తమ్ముడు మదనపల్లెకి మారిపోదామనుకుని తన భాగం ఇల్లు గంగవరం వైపు వాళ్లెవరికో బేరం పెట్టాడట. గురువారం అగ్రిమెంటు రాసుకోవాలనుకున్నారట. కొనేవాళ్లు వచ్చి, దస్తావేజు చదివించుకుని, టేపు పెట్టి కొలిచి, గోడ పక్కన మూడు అడుగులకి సున్నం గీత గీసి వెళ్లారు. పాత ఇల్లు పడగొట్టి, ఆ గీత మీద కాంపౌండు గోడ కడతారట. ఆమె ఆ కాగితాన్ని బడి పంతులమ్మ దగ్గరికి తీసుకెళ్లి చదివించుకుంది. ఇదంతా గొంతు పెంచకుండా చెప్పి, జెరాక్సు నా టేబులు మీద పెట్టింది.

"నా ఆవుల దోవ ఏడ పొయ్యిందప్పా?"

పేజీలు తిప్పాను. అక్కడ మదనపల్లె సందు షరతు అక్షరం పొల్లుపోకుండా కూర్చుని ఉంది. వెంటనే నేను చేసిన పనేమిటో చెప్పాలి కదా, టైపు చేసే అమ్మాయి మీద విరుచుకుపడ్డాను. చూసుకోవద్దా, పల్లెటూరి దస్తావేజుకి టౌను షరతు వేస్తావా, నువ్వు చదువుకున్నది దేనికి అని అక్క ఎదుటే నోటికొచ్చినట్టు తిట్టాను. నా కేకలు ఆగాక ఆ పిల్ల ఒక్క మాట అంది.

"మామూలు దోవ షరతు వేయమన్నారు సార్. ఆవులుంటాయి కదా అని నేను అడగబోతే ఫోనులో ఉన్నానని చెయ్యి ఊపినారు."

నిజమే. నాకు గుర్తొచ్చింది. ఆ చెయ్యి ఊపడం కూడా గుర్తొచ్చింది. ఆ పిల్లకి సాయంత్రం లోపల క్షమించమని చెప్పాను. పొద్దున్నే, అక్క ఎదుటే చెప్పి ఉండాల్సింది. అంత పెద్దరికం నాకు అప్పటికింకా రాలేదు.

దోవ పోతే ఆవులు పోతాయి. మూడు అడుగుల సందులో మామూలు ఆవునైనా ఎలాగో నడిపించొచ్చు, చూడితో ఉన్నదాన్ని నడిపించలేరు, గడ్డి బండి అసలే రాదు. ఆవుల్ని అమ్ముకుంటే ఆ మనిషికి బతుకు లేదు, ఇంకొకరి పంచన చేరాలి. గురువారానికి మధ్యలో రెండే రోజులున్నాయి. ఒకసారి వేరేవాళ్ల చేతికి ఇల్లు వెళ్లిపోయిందంటే, తర్వాత ఏ సవరణకైనా ఆ కొన్నవాళ్లు కూడా ఒప్పుకోవాలి. తమ స్థలంలో ఐదు అడుగులు ఎవరు వదులుకుంటారు?

మధ్యాహ్నం అన్నం దగ్గర పక్క గది పెద్దాయనకి చెప్పాను. ఆయన పెరుగన్నం కలుపుకుంటూ నింపాదిగా విన్నారు. ఆయన అడ్డదారి సిద్ధంగానే ఉంది. ఒరిజినల్ దస్తావేజు తెప్పించు, మూడుని కొట్టేసి ఎనిమిది చెయ్యి, పక్కన ఆవులు అని చేర్చు, పేజీ కింద దిద్దుబాట్లు రెండు అని రాసి అక్కాతమ్ముళ్ల చేత పొట్టి సంతకాలు పెట్టించు, అయిపోయింది అన్నారు. పాతకాలంలో అలాగే చేసేవాళ్లమని కూడా అన్నారు. సంతకాలు కాకముందు అలా దిద్దడం పద్ధతే. ప్రతి పేజీలో ఎన్ని కొట్టివేతలో, ఎన్ని చేర్పులో లెక్కపెట్టి కింద రాసేవాళ్లం. కానీ రిజిస్టరయిపోయిన కాగితం ఆఫీసులో అచ్చుగుద్దినట్టు దాచిపెట్టి ఉంటుంది. ఇంట్లో కాగితం ఒక మాట, ఆఫీసులో కాగితం ఇంకో మాట చెబితే అది సవరణ కాదు, ఫోర్జరీ. ఆ మాటే అన్నాను.

ఆయన మజ్జిగ తాగి, ఇంకో సంగతి అడిగారు. ఆ రోజు ఊళ్లో రాసుకున్న పొడుగు కాగితం ఉందా అని. ఉంది, పాత కట్టల్లో ఉంటుంది అన్నాను.

"దాన్ని ముందు చించెయ్యి నాయనా. అది బయటికొస్తే తప్పు నీదని నీ చేతి రాతే చెబుతాది. అది లేకుంటే వాళ్లే సరిగ్గా చెప్పలేదనొచ్చు."

ఆయన చెడ్డవాడు కాదు, నా మేలు కోరే చెప్పారు. ఆ మధ్యాహ్నం అటక మీది కట్టలన్నీ దించి, దుమ్ములో తుమ్ముకుంటూ ఆ కాగితం వెతికాను. దొరికింది. ఎనిమిది, చుట్టూ సున్న, పక్కన ఆవులు, గడ్డి బండి. నా అక్షరాలే, ఎవరిదో అనుకోవడానికి వీల్లేదు. చించుదామని అనిపించలేదని చెబితే మీరు నమ్మొద్దు. అనిపించింది. కాగితం చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నలభై ఏళ్లుగా పుంగనూరులో నా పేరు చెబితే కాగితం గట్టిగా ఉంటుందనేవాళ్లు, ఆ మాట ఎక్కడ పోతుందోనని భయం. కానీ ఆ ఎనిమిది అడుగులకి ఈ ప్రపంచంలో ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం అది. చివరికి దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, అదే సాయంత్రం, మెట్ల మీద కాచుకుని ఉన్న అక్కతో కలిసి వాళ్ల ఊరికి ఆటో ఎక్కాను.

పెద్ద తమ్ముడు ఇంటి ముందర తొట్టి కడుగుతున్నాడు. ఏ మొహం పెట్టుకుని చెప్పాలో తెలియక ముందు వానల గురించి మాట్లాడాను. ఆ తర్వాత కాగితం తీసి చూపించాను. అతను చదువుకున్నవాడు. రెండుసార్లు చూశాడు. కాగితంలో మూడే ఉందని కొనేవాళ్లు చదివించుకున్నప్పుడే అతనికీ తెలిసిందట. అక్క కోర్టుకి పోతుందేమోనని రెండు రోజులుగా ఆమెతో మాట్లాడటం మానేశాడట, ఆమె కూడా ఇతనే కావాలని అలా రాయించాడనుకుందట. ఒక్క కాగితంతో ఒక ఇంట్లో ఇద్దరి మధ్య ఇంత పని చేశానని అప్పుడు తెలిసింది.

"నోటితో ఎనిమిదన్నాను సార్. ఆడ నిలబడి అడుగులేసి సూపించినాను. నువ్వు రాసిన కాగితం మా అక్క కాడ నన్ను దొంగను చేసింది."

తిడితే బాగుండు అనిపించింది. తిట్టలేదు. సవరణ అయితే స్థలం తగ్గుతుంది, బేరం తప్పిపోయినా పోవచ్చు, ఆలోచించుకోమని నేనే చెప్పాను. అతను తొట్టిలో మిగిలిన నీళ్లు వంపేశాడు. తర్వాత, కొంటే కొంటారు లేకుంటే లేదు, ఏం రాయాలో రాయి అన్నాడు. కానీ తమ్ముడు మాత్రం రాడు, పంపకాలయినప్పట్నుంచి వాడు ఈ గడప తొక్కలేదు, ఫోను కూడా ఎత్తడు అని చెప్పి ఇంట్లోకి వెళ్లిపోయాడు.

ఇక్కడ కొంచెం ఆగి పద్ధతి చెబుతాను, ఎందుకంటే మా ఇంటికొచ్చే కొత్త లేఖరి పిల్లలు అడిగేది ఇదే. సంతకాలయి రిజిస్టరయిన దస్తావేజు మీద కలం పెట్టకూడదు. దానికి వేరుగా సవరణ దస్తావేజు రాయాలి. పాతదాని నంబరూ తేదీ చెప్పి, అందులో ఫలానా పేజీలో ఇలా ఉంది, అది ఇలా ఉండాల్సింది, మిగతా షరతులన్నీ యథాతథం అని స్పష్టంగా రాయాలి. పాత దస్తావేజులో ఎవరెవరు సంతకాలు పెట్టారో వాళ్లంతా దీని మీదా పెట్టాలి, మనకి అవసరమైనవాళ్లు మాత్రమే పెడితే చాలదు. అదే ఆఫీసులో రిజిస్టరు చేయించి, రెండింటినీ ఎప్పుడూ కలిపే ఉంచుకోవాలి. చెప్పడానికి ఇంతే. అందరూ మళ్లీ ఒక చోటికి రావాలన్న దగ్గరే తల ప్రాణం తోకకి వస్తుంది.

చిన్నవాడికి దోవతో సంబంధమే లేదు. కానీ అతని సంతకం లేకుండా పని జరగదు. మంగళవారం పొద్దున బయల్దేరి, పలమనేరులో బస్సు మారి కుప్పం వెళ్లాను. ఫ్యాక్టరీ గేటు దగ్గర చెప్పి పంపితే, జుట్టూ కనుబొమ్మలూ రాతి పొడితో తెల్లగా అయిపోయి వచ్చాడు. నన్ను చూడగానే మొహం ముడుచుకున్నాడు. ఎదురుగా టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాం. విషయం చెప్పగానే లేచి నిలబడ్డాడు.

"ఒగసారి పెట్టినందుకే బావి అంతా మా అన్నకే పొయ్యింది. ఇంగోసారి పెడితే ఉండే అర్ధెకరా కూడా పోతాది. నేను రానన్నా."

నాకు మొదట అర్థం కాలేదు. బావి అన్నకే పోయిందని ఎవరు చెప్పారని అడిగాను. ఎవరూ చెప్పలేదట. బావి అన్న పొలంలో పడింది, అన్న నీళ్ల మాట ఎత్తలేదు, ఇతను అడగలేదు. నీళ్లు లేని నేల ఏం చేసుకోవాలని అర్ధెకరా బీడు పెట్టేశాడు. ఏడాదిన్నరగా లోపల్లోపల రగులుతున్నాడు. దస్తావేజు ఇంట్లో పెట్టెలో ఉంది. ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. చూడమని నేను మాత్రం ఎప్పుడు చెప్పాను?

అప్పుడు నాకు ఒకటే తోచింది. సంచిలో నుంచి పాత దస్తావేజు కాపీ తీశాను. సంతకం పెట్టినా పెట్టకపోయినా సరే, ముందు మొత్తం విను అన్నాను. మొదటి లైను నుంచి మొదలుపెట్టాను. కొలతలు, సర్వే నంబర్లు, నాలుగు వైపుల హద్దులు, ఏదీ వదలకుండా చదివాను. లారీలు పోతున్నాయి, టీ కొట్టతను రెండుసార్లు గ్లాసులు తీసుకెళ్లాడు. మూడో పేజీలో బావి దగ్గరికి వచ్చాను. చిన్నవాడికి మూడు రోజులకొకసారి నీళ్ల వంతు, పైపు వేసుకునే హక్కు, అతనికీ అతని తర్వాతవాళ్లకీ అని చదివాను.

ఆ ముక్క మళ్లీ చదవమన్నాడు. చదివాను.

"ఇది ఎవురు రాయమన్నారు?"

మీ అన్నే, ముందురోజు ఒక్కడే వచ్చి రాయించాడు, ఎవరూ అడక్కుండానే అని చెప్పాను. అతను కాగితం తన చేతిలోకి తీసుకుని ఆ లైను మీద వేలు పెట్టి చూశాడు. వేలి కింద తెల్లటి మచ్చ పడింది. చెప్పొచ్చు కదా, నోరు తెరిచి ఒక్క మాట చెప్పొచ్చు కదా మా అన్న అని రెండు మూడుసార్లు అన్నాడు. చదివి వినిపిస్తారనే ఆ మొండిమనిషి అనుకుని ఉంటాడు. ఆ పని నాది. అది కూడా అతనికి చెప్పాను. అతను కొట్టు కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాడు, చాలాసేపే కడుక్కున్నాడు. వచ్చి, రేపు ఎన్ని గంటలకి రావాలని అడిగాడు. తిరుగు బస్సులో నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చానంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారేమో. ఏడ్చాను.

బుధవారం ముగ్గురూ వచ్చారు. అన్నదమ్ములిద్దరూ పలకరించుకోలేదు కానీ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. సవరణ దస్తావేజు నేనే చెప్పి టైపు చేయించాను. ఇలాంటి వాటిలో మామూలుగా పొరపాటున పడినది అని రాస్తాం, ఆ తప్పు దానంతట అదే ఆకాశంలో నుంచి రాలిపడినట్టు. ఆ మాట దగ్గర అమ్మాయి టైపు ఆపి నా వైపు చూసింది. లేఖరి పొరపాటు వలన అని కొట్టమన్నాను. తర్వాత పాత దస్తావేజూ కొత్తదీ రెండూ మొదటి నుంచి చివరిదాకా పైకి చదివాను. సగంలో ఉండగా పన్నెండయింది, అంటే రాహుకాలం. పెద్ద తమ్ముడు గడియారం వైపు ఒకసారి చూసి, సదువు సార్ అన్నాడు. నీళ్ల వంతు దగ్గరికి వచ్చినప్పుడు చిన్నవాడు అన్న భుజానికి తన భుజం ఆనించాడు. అంతకంటే ఏమీ జరగలేదు, అది చాలింది.

అప్పటి సబ్ రిజిస్ట్రారు ఒక యువ అధికారిణి. చాలా కచ్చితమైన మనిషి. కాగితం చదివి పెన్ను పక్కన పెట్టేశారు. మూడుని ఎనిమిది చేయడం, మనుషులకి తోడు ఆవుల్ని చేర్చడం సవరణ ఎలా అవుతుంది, ఇది కొత్తగా హక్కు ఇవ్వడం, దీన్ని సవరణ కింద తీసుకోలేనన్నారు. చట్టం ప్రకారం ఆవిడ అడిగింది న్యాయమే. జేబులో నుంచి ప్లాస్టిక్ కవరు తీసి ఆవిడ ముందు పెట్టాను. వెనక వరసలో పక్క గది పెద్దాయన కూడా నిలబడి ఉన్నారు, ఇంకా పదిమంది ఉన్నారు. అందరికీ వినబడేటట్టే చెప్పాను. హక్కు కొత్తది కాదు మేడమ్, మొదటి రోజే ఒప్పుకున్నది, నేను రాసుకున్నది ఇదిగో, దస్తావేజులో ఎక్కించకుండా వదిలేసింది నేను, ఆ రోజు వీళ్లకి చదివి కూడా వినిపించలేదు అన్నాను.

ఆవిడ ఆ పొడుగు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు, సున్న చుట్టిన అంకెని చూశారు. నా మాటలు రాతపూర్వకంగా ఇమ్మన్నారు. అక్కడే నిలబడి రాసి సంతకం పెట్టి ఇచ్చాను. అప్పుడు ఆవిడ అక్క వైపు తిరిగి, ఇందులో ఏముందో మీకు తెలుసా అని అడిగారు.

"తూర్పు గోడెంబడి ఎనిమిది అడుగులు మేడమ్. కొట్టం కాడ నుంచి ఈదిదాకా. ఆవులు, దూడలు, గడ్డి బండి, మనుసులు. గోడ కట్టకూడదు, గేటు పెట్టి బీగం ఎయ్యకూడదు. మా తమ్ముడు అమ్మినా, కొన్నోళ్లు అమ్మినా ఇది ఇట్లే ఉంటాది. మిగతావన్నీ ముందున్నట్లే."

ఒక్కసారి విని అంతా అప్పజెప్పింది. అధికారిణి పెన్ను తీసుకున్నారు. ముగ్గురూ వరసగా వచ్చి కంప్యూటరులో వేలిముద్రలు వేశారు. బయటికి వచ్చాక పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, పిచ్చోడివి నాయనా అని, ఆ రోజు టిఫిను ఆయనే పెట్టించారు.

నాకు పనులు తగ్గిపోతాయనుకున్నాను. తగ్గలేదు. కొన్నాళ్లు మాత్రం వచ్చినవాళ్లంతా నన్ను అనుమానంగా చూస్తూ, ముందు చదువు, తర్వాతే సంతకం అనేవాళ్లు. అంతకంటే మంచి శిక్ష ఏ కోర్టూ వేయలేదు. టైపు చేసే అమ్మాయి, నేను ఫోనులో ఉన్నా సరే, ఎదురుగా నిలబడి సమాధానం వచ్చేదాకా కదలకుండా ఉండేది.

గంగవరం వాళ్లు రెండు రోజులు సణిగి, మూడో రోజు ఎనిమిది అడుగులు వదిలే కొన్నారు. రెండు నెలల తర్వాత వేరే పని మీద చౌడేపల్లె వైపు వెళ్లి, ఉండబట్టలేక ఆ ఊళ్లో దిగాను. గోడ కడుతున్నారు. మేస్త్రీ దారం లాగి వరస చూసుకుంటున్నాడు. నాకు నమ్మకం చిక్కక, గోడకీ గోడకీ మధ్య నిలబడి నా చెప్పులతో అడుగులు కొలవడం మొదలుపెట్టాను. ఐదు దాకా వచ్చాను. వెనక గజ్జెల చప్పుడు వినిపించింది. అక్క, ఆమె ముందర నిండు చూడి ఆవు, దాని వెనక మిగతావి.

నన్ను గుర్తుపట్టింది. నవ్వింది కూడా. కానీ ఆవుల్ని ఆపలేదు.

"పక్కకి జరుగప్పా, దోవలో నిలబడుకోని ఉండావు."

నేను గోడకి ఆనుకుని, పొట్ట లోపలికి పట్టి నిలబడ్డాను. ఐదు ఆవులూ నా ముందు నుంచి తీరిగ్గా వీధిలోకి వెళ్లిపోయాయి.